ఆక్టేవియా వెనక చక్రాలు: ఎడమ 13, కుడి 7

నా బండి వెనక చక్రాలు ఫెండర్ అంచుకి ఎడమ 13, కుడి 7 మి.మీ. లోపలికి ఉన్నాయి. ఆ తేడా సరిచేద్దామని వెనక బీమ్‌ని (రెండు వెనక చక్రాల్నీ కలిపే అడ్డ ఇరుసు) ఎడమకు 2 మి.మీ. జరిపి, కొలిచి, పెయింట్ గీత గీసి బిగించాం. దారానికి తూకం గుండు కట్టి వేలాడదీసి చూస్తే ఫెండర్ అంచు నుంచి రిమ్ అంచుకి ఎడమ 11, కుడి 9. ఆ రాత్రి నాకు పట్టరాని సంతోషం. పొద్దున్నే బీచ్ రోడ్డు మీదుగా ఋషికొండ దాటి భీమిలి దాకా వెళ్లొచ్చి, బండి ఆపిన వెంటనే మళ్లీ కొలిచాను. ఎడమ 13, కుడి 7. కథ మళ్లీ మొదటికొచ్చింది. ఒళ్లు మండిపోయింది.

బండి 2004 మోడల్ స్కోడా ఆక్టేవియా, 1.9 టీడీఐ. 40 మి.మీ. దించే స్ప్రింగులు, 17 అంగుళాల వీల్స్, 7.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ నడిమి నుంచి బండికి ఆనే ముఖం ఎంత దూరమో చెప్పే అంకె) 35 మి.మీ., టైర్లు 215/45. కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల వీల్ వెడల్పు 6, ఆఫ్‌సెట్ 38. అంటే కొత్త రిమ్ అంచు 22 మి.మీ. బయటికి, 16 మి.మీ. లోపలికి వస్తుంది. వెనక ఫెండర్ల లోపలి అంచు మడత పెట్టించడం శుభ్రంగా జరిగింది, పెయింట్ ఎక్కడా పగల్లేదు. ముందు చక్రాలు ఎడమ 9, కుడి 8. వాటితో ఏ గొడవా లేదు.

వెనక తేడా కంటికి నచ్చకపోవడం ఒక్కటే అయితే సర్దుకునేవాణ్ణేమో. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని సింహాచలం కొండ ఎక్కుతుంటే, ఎడమ మలుపుల్లో కుడి టైరు భుజం ఫెండర్ లోపలి లైనర్‌కి (ప్లాస్టిక్ తొడుగు) రాసుకుంటోంది. ఎడమ టైరు మీద గీత కూడా పడలేదు. కాబట్టి ఇది వదిలేసే విషయం కాదు.

కొలతల దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కొలిస్తే మొదట ఎడమ 15, కుడి 5 వచ్చింది. 10 మి.మీ. తేడా అంటే యాక్సిలే వంగిందనుకుంటారు ఎవరైనా. కానీ ఆ నేల నీళ్లు కాలువలోకి పోయేలా ఎడమకు వాలుగా పోశారు. తాపీమేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ ట్యూబు పెట్టి చూస్తే, 1500 మి.మీ. వెడల్పులో 8 మి.మీ. వాలు తేలింది. నా బండికి ఫెండర్ ఆర్చి అంచు నుంచి హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) మధ్యకి 340 మి.మీ. ఉంది. ఆ ఎత్తులో వాలు వల్ల గుండు దారం ఒకవైపు 1.8 మి.మీ. బయటికి, రెండోవైపు అంతే లోపలికి పోతుంది. మొత్తం మూడున్నర మి.మీ. దొంగ లెక్క! ఎడమ టైర్ల కింద పాత టైల్ ముక్కలు పెట్టి లెవెల్ చేశాక వచ్చిందే 13, 7. అసలు తేడా 6. ఆ తర్వాత డ్రైవర్ సీట్లో 25 కిలోల బియ్యం బస్తాలు రెండు, వాటి మీద టూల్ బాక్స్ పెట్టి కూడా కొలిచాను. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయింది, అంతే.

తర్వాత వెనక వీల్స్ రెండూ అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. కొలత మారలేదు. అంటే వీల్స్‌లో దోషం లేదు. రిమ్ మధ్య రంధ్రానికీ హబ్‌కీ నడుమ సందు నింపే హబ్ రింగులు 57.1 మి.మీ.వి, ప్లాస్టిక్‌వే. అల్యూమినియం రింగులే మేలని చాలామంది అంటారు గానీ, మన సముద్రపు గాలికి అవి హబ్‌కి కరుచుకుపోతాయి, సుత్తితో కొట్టినా రావు. విశాఖలో ఉండేవాళ్లకి ప్లాస్టిక్ రింగులే నా ఓటు. రైడ్ హైట్ హబ్ మధ్య నుంచి ఆర్చికి ఎడమ 338, కుడి 341. స్ప్రింగులది కూడా తప్పు కాదు.

ఇక్కడ అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: ఎడమవైపు 5 మి.మీ. స్పేసర్ (రిమ్ వెనక పెట్టే బిళ్ల) వేసెయ్యి, పోతుంది. నాకు అది ససేమిరా ఇష్టం లేదు. స్పేసర్ వేస్తే ఎడమ చక్రం బయటికొస్తుందే తప్ప కుడి టైరు రాసుకోవడం ఆగదు. బీమ్ పక్కకి ఉంటే అది పక్కకే ఉంటుంది.

బీమ్ నిజంగా పక్కకుందా లేదా చూడాలంటే ఫెండర్‌ని నమ్మకూడదు. కింద ఛాసిస్ రైలు (బాడీ అడుగున పొడవునా ఉండే ఇనుప దూలం) నుంచి టైరు లోపలి గోడకి కొలవాలి. ఎడమ 61, కుడి 65. అంటే బీమ్ కుడికి 2 మి.మీ. జరిగి ఉంది. ఒకవైపు 2 తగ్గి మరోవైపు 2 పెరుగుతుంది కాబట్టి, 6లో 4 బీమ్ వల్ల వచ్చింది. మిగిలిన 2 ఎక్కడిది? ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసుకుని వెనక ఫెండర్ల చుట్టూ తిప్పాను. కుడివైపు అంతటా టక్కున పట్టుకుంటోంది. ఎడమ ఆర్చి పైన జానెడు మేర జారిపోతోంది. అక్కడ రేకు మీద లప్పం మందంగా ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ బండి మీద చెట్టు కొమ్మ పడిందని పాత ఓనర్ నాకు అమ్మేటప్పుడే చెప్పారు. ఆరోజు చెట్ల కింద ఉన్న బండ్ల సంగతి ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. ఎడమ ఆర్చి అంచు 2 మి.మీ. బయటికి ఉబ్బిందంటే లెక్క సరిపోతుంది. ఆ 2 ఎప్పటికీ ఉండేవే. నాకు కావాల్సింది బీమ్ వల్ల వచ్చిన 4 పోవడం. జరిపి బిగించాక 11, 9 చూసి అంత సంబరపడింది అందుకే.

జరపడం తేలిగ్గా ఏం జరగలేదు. ఈ బండికి బీమ్‌ని బాడీకి పట్టే బ్రాకెట్లలో రంధ్రాలు కాస్త కోలగా ఉంటాయి, కొంచెం జరుపుకునే వీలుంది. కానీ బోల్టులు తుప్పుతో గడ్డకట్టాయి. ఆటోనగర్ మేస్త్రీ గారు పొడవాటి రాడ్డు వేసి ఒక్కసారి కదిపి చూసి ఆగిపోయారు. "బాబూ, బలం పెడితే ఇరిగిపోద్ది. లోపల నట్టు బాడీకే అతికించుంది. ఇరిగితే ఫ్లోర్ కొయ్యాలి, ఏటనుకున్నావ్." అలాగే మేస్త్రీ గారూ, ఇంకో పూట నానబెడదామన్నాను. నూనె కొట్టడం, కాసింత బిగించడం, కాసింత వదలడం, మళ్లీ నూనె. ఒక్కటీ విరగలేదు. ఆయన ఓపికకి దండం పెట్టాలి.

భీమిలి నుంచి వచ్చాక నేను మొదట చూసింది ఆ బ్రాకెట్లనే. పెయింట్ గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు! బోల్టులు గట్టిగానే ఉన్నాయి. రైలు నుంచి కొలిస్తే మాత్రం మళ్లీ 61, 65. బ్రాకెట్ కదలకుండా బీమ్ కదిలిందంటే మధ్యలో ఉన్నది ఒక్కటే, బుష్ (బీమ్‌కీ బ్రాకెట్‌కీ నడుమ ఉండే రబ్బరు మెత్త). టార్చి వేసి ఎడమ బుష్ చూశాను. మధ్యలోని ఇనుప గొట్టం నుంచి రబ్బరు ఊడి, వెనక భాగంలో నెలవంకలాంటి సందు తెరుచుకుని ఉంది. అందులోకి సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లో 1.5 మి.మీ. రేకు పూర్తిగా దూరింది. అంచుల్లో నల్లటి రబ్బరు పొడి. కుడి బుష్‌కి పైపైన పగుళ్లే, లోపల పట్టు ఉంది.

ఎందుకు చిరిగిందన్నదానికి నా ఊహలు రెండు. స్ప్రింగులు మార్చిన గ్యారేజీలో బుష్ మధ్య బోల్టు వదులు చేయకుండానే పని కానిచ్చేశారు. బండి 40 మి.మీ. దిగినా రబ్బరు మాత్రం పాత ఎత్తుకే బిగిసి ఉంది, కాబట్టి నిలబడి ఉన్నప్పుడు కూడా మెలితిరిగే ఉంటోంది. రెండోది, మన రోడ్లు నడిమి నుంచి ఎడమ అంచుకి వాలి ఉంటాయి. బాడీ బరువు ఎప్పుడూ ఎడమకే ఒరుగుతుంది, బాడీతో పోలిస్తే బీమ్ కుడికి పోతుంది. ఈ రెండూ కలిస్తే పాతబడ్డ రబ్బరు ఎన్నాళ్లు ఆగుతుంది? ముందు ఎడమదే ఎందుకు పోయిందో మాత్రం ఇంకా తేలడం లేదు.

పాలీ బుష్ (పాలీయూరిథేన్‌తో చేసినది) వేయమని ఒక ఫ్రెండ్ పోరుతున్నాడు. పాలీ నాకు ముందు చక్రాల సస్పెన్షన్ ఆర్మ్‌లలో ఇష్టమే. వెనక బీమ్‌కి వద్దు. ఈ బుష్‌ని కంపెనీ అన్నివైపులా ఒకేలా గట్టిగా చేయలేదు, మలుపులో బీమ్ అడ్డదిడ్డంగా తిరక్కుండా ఒక దిశలో మెత్తగా, ఒక దిశలో గట్టిగా ఉంచింది. పాలీతో ఆ తేడా పోతుంది, మోత కూడా పెరుగుతుంది. లెంఫోర్డర్ కంపెనీ రబ్బరు బుష్‌లే ఆర్డర్ పెట్టాను, దొరక్కపోతే ఫెబి. దిశ ముఖ్యం కాబట్టి, పాతవి తీసే ముందే బీమ్ మీద గుర్తులు గీసి ఫొటోలు తీసుకోవాలి.

బుష్ లాగే టూల్‌ని ఆటోనగర్‌లో లేత్ మీద చేయిస్తున్నాను. ఒక మందపాటి గొట్టం, రెండు ప్లేట్లు, ఒక గట్టి స్టడ్ చాలు. బీమ్ మొత్తం దించకుండా ముందు భాగం మాత్రమే కిందికి వంచి పని చేయొచ్చని మేస్త్రీ గారి మాట. బ్రేక్ పైపులు సాగకుండా ముందే క్లిప్పుల నుంచి విప్పాలి. మధ్య బోల్టు చివరి బిగింపు మాత్రం చక్రాలు నేల మీద, బియ్యం బస్తాలు సీట్లో ఉన్నప్పుడే. అందుకోసం ర్యాంపు దొరికే షాపు మాట్లాడాను.

ఆ తర్వాత అలైన్‌మెంట్. ఇప్పుడున్న ప్రింటులో వెనక క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో చెప్పే కోణం) ఎడమ మైనస్ 1 డిగ్రీ 45 నిమిషాలు (డిగ్రీకి 60 నిమిషాలు), కుడి మైనస్ 1 డిగ్రీ 25. ఆ 20 నిమిషాల వల్ల ఎడమ రిమ్ పైభాగం ఇంకో మిల్లీమీటరు పైచిలుకు లోపలికి కనిపిస్తోంది. స్టబ్ యాక్సిల్ (హబ్ ఎక్కే పొట్టి ఇరుసు) నాలుగు బోల్టులతో ఉంటుంది కాబట్టి వెనక షిమ్ (పలచని రేకు) పెట్టి సరిచేయొచ్చు. కొత్త బుష్‌లతో ఆ అంకె ఎంత మారుతుందో చూశాకే షిమ్ కొంటాను. ఎడమ ఆర్చి లప్పం జోలికి ఇప్పుడు వెళ్లను, బండికి మొత్తం పెయింట్ వేయించేటప్పుడు చూసుకోవచ్చు.