మైలాపూర్‌లో ఒక మిద్దె కథ

మా మేనత్త మైలాపూర్‌లో ఒక మహిళా సమాజం మెంబరు. వాళ్ల పాత భవనానికి రిపేర్లు జరుగుతున్నాయంటే చూద్దామని నెల్లూరులో పొద్దున్నే రైలెక్కాను. చెన్నై సెంట్రల్‌లో దిగి, పార్క్ టౌన్ నుంచి లోకల్ రైల్లో మైలాపూర్ స్టేషను తిరుమయిలై చేరాను.

వరండా, రంగుటద్దాల కిటికీలు చూడనివ్వకుండా అత్తయ్య నన్ను మేడ మీదికి లాక్కెళ్లింది. "అందం తర్వాత చూద్దువుగానీ, ముందు రోగం చూడు."

ఆ మిద్దె కప్పు మద్రాస్ టెర్రస్ పద్ధతిలో వేసింది. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని ఐమూలగా నిలబెట్టి గానుగ సున్నంతో అతుకుతారు. పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు, ఆపైన పలకలు. సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు పోస్తారు. సున్నం తడిని పీల్చుకున్నా మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. వెనకెప్పుడో ఒక కాంట్రాక్టరు లీకేజీ ఆపుతానని మిద్దెంతా సిమెంటు పూసి పోయాడట. లోపల చిక్కుకున్న తడికి, గోడలో దిగిన చోట దూలాల చివర్లు పుచ్చిపోయాయి. మేస్త్రీ స్క్రూడ్రైవర్ గుచ్చితే మైసూర్‌పాక్‌లో దిగినట్టు దిగింది.

మౌంట్ రోడ్డులో 1897 నాటి భారత్ ఇన్సూరెన్స్ భవనాన్ని కూల్చొద్దని 2010లో హైకోర్టు తీర్పిచ్చింది. ఆ తర్వాత కూడా అది ఏళ్ల తరబడి శిథిలంగానే నిలబడింది. కోర్టు గునపాన్ని ఆపుతుంది గానీ వాననీళ్లనా!

అత్తయ్య వాళ్ల భవనాన్ని పడగొట్టి ఫ్లాట్లు కడతానని, కింది అంతస్తు సమాజానికే ఇస్తానని ఒక బిల్డర్ అడిగాడట. సరే అన్న సభ్యులూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేను, సీమంతాలకూ కచేరీలకూ హాలు అద్దెకిస్తే వచ్చేదెంత? కానీ 1937లో ఈ ఊళ్లోనే దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడవాళ్లను మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టింది. అలాంటి పనికి ముందు కావలసింది, ఎవరినీ అడక్కుండా వచ్చి కూర్చునే చోటు. ఇక్కడ ఇప్పటికీ మధ్యాహ్నం కుట్టు క్లాసు, సాయంత్రం పేకాట. పేకాట గురించి అత్తయ్య కాస్త గొంతు తగ్గించింది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. ఐప్పసి (అక్టోబరు-నవంబరులో వచ్చే తమిళ నెల) వానలు పడేలోపు హాలు మీద సిమెంటు తీయించి దూలాలు మార్చాలి, మిగతా గదులు వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. హాలు అద్దె పెంచే విషయంలో అరగంట గొడవైంది. అదింకా తెగకముందే సెక్రటరీగారు రసీదు పుస్తకం నా ముందు పెట్టారు.

"నెల్లూరు వాళ్ల పేరు ఒక్కటీ లేదమ్మా" అన్నారు.