నల్లా నీళ్ల ముచ్చట

మిషిగన్‌కి ఎమ్మెస్ చెయ్యనీకె వచ్చినంక నాకు బాగ యాదుండే ముచ్చట స్నో కాదు, క్లాసులు కాదు, నల్లా నీళ్లు. ఇక్కడ అందరు సింక్‌ల నల్లా తిప్పి సీసా పట్టుకొని గటగట తాగుతరు, మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు, బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై పండ్లు, బొక్కలు ఖరాబైన జాగ కదా, నాకు చెయ్యి ముందుకు పోతలేదు. ల్యాబ్‌ల పిల్లగాడు ఒకడు, ఇక్కడోడే, ఏం భయం లేదు తాగు, పండ్లకు మంచిదని ఫ్లోరైడ్ గూడ కలుపుతరు అన్నడు.

కలుపుతరా!! వెతికి చూస్తే నిజమే, 1945ల ఇదే రాష్ట్రంల గ్రాండ్ ర్యాపిడ్స్‌ల ప్రపంచంల ఫస్ట్ షురూ జేసిర్రంట. ఇప్పుడు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మన దగ్గర 1.5 దాటొద్దంటరు, మా దిక్కు పాత బోర్లల్ల దానికి ఎన్నో రెట్లుండె.

రాత్రి నాయినమ్మకు వీడియో కాల్ చేసి చెప్పిన. అక్కడ పొద్దుగాల, మోకాళ్లు పట్టుకొని గోడకు ఒరిగి కూసుంది, పండ్ల మీద గోధుమ రంగు గీతలు ఫోన్‌ల గూడ కనవడ్తయి. "పైసలు పెట్టి కొని పోసుకుంటున్నరా బిడ్డా? మన బోరు నీళ్లు ట్యాంకర్‌ల పంపుదుము గదరా, ఫుకట్ల" అన్నది. నాకు నవ్వాగలే, రూమ్మేట్ నిద్రల కెళ్లి లేసి ఏమైందిరా అంటుండు.

ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం కింద కృష్ణ నీళ్లు వచ్చినంక మా ఇంట్ల చిన్నపిల్లల పండ్లు తెల్లగనే ఉన్నయి, గది సంతోషం. ఇప్పుడు నేను గూడ నల్లా నీళ్లే తాగుతున్న, కాని హోటల్ల ఐస్ వద్దు, ఉత్త నీళ్లియ్యి అంటే మాత్రం ఇంకా వింతగనే చూస్తరు 😄