నాక్స్‌విల్ కొండల్లో సుల్తానా రాయి

స్మోకీస్‌కి వెళ్ళే మనవాళ్ళు నాక్స్‌విల్‌లో గ్యాస్ కొట్టించుకుని సాగిపోతారు. గాట్లిన్‌బర్గ్‌లో కారు నిలపడానికే 20 డాలర్లనేసరికి చిరాకేసి వెనక్కి తిప్పాను. నాక్స్‌విల్‌లో నది దాటి మేరీవిల్ పైక్ మీదికొస్తే మౌంట్ ఆలివ్ బాప్టిస్టు చర్చి శ్మశానం. టిక్కెట్టు లేదు, రద్దీ లేదు.

1865లో మిసిసిపీ నదిలో పేలిపోయిన సుల్తానా అనే స్టీమరు కోసం 1916 జూలై 4న ఆవిష్కరించిన పాలరాతి స్మారకం ఉందిక్కడ. దాని మీద స్టీమరు బొమ్మ, కింద పేర్లు. మిసిసిపీ ఇక్కడికి దాదాపు 390 మైళ్ళు; ఈ కొండల్లో స్టీమరేంటి? ఆ పేర్లున్న మనుషులు ఇక్కడివాళ్ళు. అంతర్యుద్ధంలో టెనెసీ విడిపోయి దక్షిణాదితో కలిసినా ఈ తూర్పు జిల్లాలు యూనియన్ (ఉత్తరాది) వైపే నిలిచాయి. ఇక్కడి కుర్రాళ్ళు చేరిన దళాల్లో ఒకటి యూనియన్ తరఫు 3వ టెనెసీ అశ్వికదళం. అందులో చాలామంది 1864 సెప్టెంబరు 25న అలబామాలోని సల్ఫర్ బ్రాంచ్ రైలువంతెన దగ్గర దక్షిణాది సేనాని ఫారెస్ట్‌కి చిక్కారు. తర్వాత అలబామాలోనే కహాబా జైలు: సగం కప్పే ఉన్న పత్తి గోదాము. 1865 మార్చి వరదలో నీళ్ళలోనే నిలబడ్డారు.

విడుదలయ్యాక మిసిసిపీ ఒడ్డున విక్స్‌బర్గ్‌లో సుల్తానా ఎక్కించారు. అనుమతి 376 మందికి, ఎక్కినవాళ్ళు 2,000 పైనే. సిపాయికింత, అధికారికింత చొప్పున ప్రభుత్వం పడవవాళ్ళకిచ్చేది. తలకింత అన్నాక తలలు కుక్కడమే లాభం.

అసలు జబ్బు బాయిలర్లది. నాలుగూ సన్న గొట్టాల రకం. మిసిసిపీ బురదనీటికి గొట్టాల మధ్య మడ్డి పేరుకుని, అక్కడ లోహం కాగిపోతుంది. విక్స్‌బర్గ్‌లో ఉబ్బిన రేకు మార్చకుండా పైన పలచటి అతుకు వేశారు. పైఅంతస్తుల్లో జనం కిక్కిరిసి పడవ ఒరిగినప్పుడల్లా నీళ్ళు ఒక బాయిలర్లోంచి పక్కదాంట్లోకి జారేవి. ఖాళీ అయినచోట ఇనుము ఎర్రబడేది, తిరిగి నీళ్ళు తగిలితే ఒక్కసారిగా ఆవిరి. పేలుడుకి చెప్పే కారణాలివే. ఏప్రిల్ 27 తెల్లవారుజామున 2 గంటలకు, మెంఫిస్ దాటాక, మూడు బాయిలర్లు పేలాయి. మృతులు 1,100 పైన అన్నది తక్కువ అంచనా; 1,800 దాకా చెప్పే లెక్కలున్నాయి.

బతికినవాళ్ళు ఏటా ఏప్రిల్ 27న ఈ ప్రాంతంలో కలిసేవారు. వాళ్ళలో ఒకడు, 3వ టెనెసీ దళానికే చెందిన ప్లెజెంట్ కీబుల్, 1931లో పోయాడు.

మెంఫిస్‌లో ఒడ్డున నిలబడి మునిగిన పడవ కోసం వెతక్కండి. నది పక్కకి జరిగింది. 1982లో అవశేషాలు దొరికాయంటున్న చోటు ఆర్కన్సా వైపు సోయా చేను, సుమారు 32 అడుగుల లోతున. పైన చూడ్డానికేం లేదు. వంతెన దాటి ఐ-55 మీద మారియన్ వెళ్తే సుల్తానా మ్యూజియం ఉంది.