కోతి తలలో ఇనుము

ఆదివారం. పొద్దున డాబా ఎక్కి చూస్తే నిన్న ఎండబోసిన పల్లీలు సగానికి సగం లేవు. పిట్టగోడ మీద ఒక కోతి, రెండు బుగ్గలూ ఉబ్బి, నన్నే చూస్తోంది. అమ్మ కర్ర పట్టుకొని వచ్చేసరికి పక్కింటి నీళ్ల ట్యాంకు మీదికి దూకింది.

నల్లగొండలో ఈ పోట్లాట రోజూ ఉండేదే. కానీ ఇవాళ దాని తలకాయ మీద నాకు కాస్త గౌరవం కలిగింది. రాత్రి పొద్దుపోయేదాకా కోతుల మెదడులో లోహాల పటాల గురించే చదివాను మరి.

మేము చదువుకున్న పద్ధతిలో మెదడు ముక్కను నైట్రిక్ ఆమ్లంలో కరిగించి ఇనుము ఎంతో కొలుస్తారు. అంకె కచ్చితంగానే వస్తుంది. అది ఏ మూలన ఉండేదో మాత్రం ఆమ్లంలో కలిసిపోతుంది. మర్రిగూడ వైపు అమ్మమ్మ ఊళ్లో ఒక బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటేది, నాలుగు చేన్లవతల బావి నీళ్లు బాగుండేవి. ఊరంతటికీ సగటు తీస్తే ఏ బిందె ఎక్కడ ముంచాలో ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు పలచని మెదడు పొర మీద లేజర్‌ను చాలు వెంట చాలుగా, దుక్కి దున్నినట్టు నడుపుతున్నారు. లేచిన ధూళిని ఒక వాయువు ప్లాస్మాలోకి మోసుకుపోతుంది (నెత్తుటి ప్లాస్మా కాదు, విపరీతంగా వేడెక్కిన వాయువు). అక్కడ అయాన్లుగా మారిన పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కపెడతారు. ఆ లెక్కలను చాళ్ల వరుసలో పేరిస్తే పటం.

అందులో ఇనుము దండిగా కనిపించేది గ్లోబస్ పాలిడస్, సబ్‌స్టాన్షియా నైగ్రాలలో. రెండూ కదలికలను అదుపుచేసే చోట్లే. గోడ మీది నుంచి ట్యాంకు మీదికి గురి తప్పకుండా దూకినదాని తలలోనూ, మెట్లెక్కి ఆయాసపడిన నా తలలోనూ అవే చోట్లు. మనుషుల్లో గ్లోబస్ పాలిడస్‌లో 100 గ్రాములకు సుమారు 21 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుందని 1958లోనే లెక్కగట్టారు. పుట్టిన బిడ్డలో అక్కడ దాదాపు ఏమీ ఉండదట, ముప్పై ఏళ్లు వచ్చేలోపు చేరుతుంది. జింకు జ్ఞాపకాలకు పనికొచ్చే హిప్పోకాంపస్‌లో ఎక్కువ. రాగి మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్ అనే చిన్న చోటులో. ఆ లాటిన్ పేరుకు నీలి చోటు అని అర్థం. రాగి ఉంది, నీలంగా ఉంది, ఇంకేముంది, మైలుతుత్తం లాంటిదే అని కెమిస్ట్రీ బుర్రతో తేల్చేశాను. తప్పు. ఆ రంగు నాడీకణాల్లో ఉండే న్యూరోమెలనిన్ అనే ముదురు రంగు పదార్థానిది.

టీ తాగుతూ ఇదంతా చెబితే అమ్మ తన మందుల డబ్బా వైపు చూసింది. "అయితే నేను మింగే ఐరన్ గోలీలు కూడా తలకెక్కుతాయా బిడ్డా?"

నెత్తుట్లో ఉన్నదంతా మెదడులోకి పోదనీ, అక్కడి రక్తనాళాల గోడల్లోని కణాలు ట్రాన్స్‌ఫెర్రిన్ అనే ప్రొటీన్ మోసుకొచ్చిన ఇనుమును పట్టి చూసి, కావలసినంత మేరకే లోపలికి వదులుతాయనీ చెప్పాను.

"తలకు కావలి ఉందన్నమాట," అంది అమ్మ, చాటలో మిగిలిన పల్లీలు ఏరుతూ. "మన డాబాకే లేదు."