మూడు నెలలాగి చెబుతాను

గుండెకు తీసిన మొదటి ఎకో (స్కానింగ్) రిపోర్టులో ఈఎఫ్ 20 శాతం అని ఉంది. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, నూటికి ఇరవై అంటే ఫెయిలే అనుకున్నాను. ఈ పరీక్షలో నూటికి నూరు ఎవరికీ రాదట. గుండె ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత వంతు బయటికి పోతుందో చెప్పే లెక్క అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే 55 నుంచి 70 వరకు ఉంటుంది.

జబ్బు పేరు డైలేటెడ్ కార్డియోమయోపతి. కండరం నీరసించి, ఎడమ గది సాగిపోయింది. అంతకుముందు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే పొడిదగ్గు, సాయంత్రానికి కాళ్ళవాపు. గ్యాస్ అన్నారు, ఆస్తమా అన్నారు, ఇన్‌హేలర్ కూడా పీల్చాను. యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవనగానే చుట్టాలు "హమ్మయ్య" అన్నారు. మనవాళ్ళకు గుండెజబ్బంటే స్టెంటే. స్టెంటుతో పనిలేని గుండెజబ్బు కూడా ప్రాణం మీదికి తెస్తుందంటే ఎవరికీ ఎక్కదు.

"ఎన్నాళ్ళు బతుకుతాను సార్?" అని అడిగేశాను.

"ఇప్పుడేం చెప్పినా జోస్యమే మాస్టారూ. మందులు పూర్తి మోతాదుకు వచ్చాక మూడు నెలలాగి మళ్ళీ ఎకో తీద్దాం. మీ గుండె మందుకు ఎంత లొంగుతుందో చూసి చెబుతాను" అన్నారు డాక్టరుగారు. అప్పటికీ 35 దాటకపోతే, గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోయే ప్రమాదం ఉంది కనుక, అలాంటప్పుడు షాకిచ్చి లయను సరిచేసే ఐసీడీ అనే మెషిన్ ఛాతీలో పెట్టాల్సి రావచ్చన్నారు.

ఆ మెషిన్ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది గడ్డ. సరిగా కదలని గదిలో రక్తం నిలవుండి చిన్న గడ్డ కట్టింది. అది ఊడి మెదడుకు చేరితే పక్షవాతం. రక్తం గడ్డకట్టకుండా చూసే అసిట్రోమ్ మాత్ర మొదలుపెట్టారు. రక్తం ఎంత మెల్లగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె 2కు, 3కు మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. ఆకుకూరలు ఆ మందును దెబ్బతీస్తాయని ఎవరో చెప్పగా మా అత్తగారు తోటకూర, పాలకూర ఇంట్లోకే రానివ్వలేదు. డాక్టరుగారు నవ్వి, "మానక్కర్లేదమ్మా, వారం వారం ఒకే మోతాదులో పెట్టండి. ఒకరోజు కట్టలు కట్టలు తిని తర్వాత మానేస్తేనే చిక్కు" అన్నారు. ఉప్పు దగ్గర మాత్రం నవ్వలేదు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు బంద్. గుంటూరులో పుట్టినవాడికి ఇది చిన్న శిక్షేం కాదు. మోకాళ్ళ నొప్పులకని సొంతంగా పెయిన్‌కిల్లర్లు మింగొద్దన్నారు, ఒంట్లో నీరు చేరుతుందట. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే ఫోన్ చేయమన్నారు.

గుండెకు నాలుగు రకాల మందులిచ్చారు. వాటిలో డాపాగ్లిఫ్లోజిన్ చూసి మందుల షాపు కుర్రాడు "షుగర్ ఎప్పట్నుంచి అంకుల్?" అన్నాడు. నాకు షుగర్ లేదు, ఇది గుండెకూ పనిచేస్తుందని చెప్పినా నమ్మినట్టు లేడు. బీపీ పడిపోయి, లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. అందుకే మోతాదులు మెల్లగా పెంచారు.

తర్వాతి ఎకోలో 38 వచ్చింది. ఐసీడీ మాట వెనక్కి పోయింది. గడ్డ కరిగింది, అసిట్రోమ్ ఆపేశారు. మరుసటి ఏడాదికి 52.

"తగ్గిపోయిందిగా, ఇంకా మందులెందుకు?" అని అందరూ అడిగారు, నేనూ అడిగాను. డాక్టరుగారు లండన్‌లో చేసిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. నాలాగే కోలుకున్న 51 మందిలో మెల్లగా మందులు మాన్పించి చూస్తే, ఆరు నెలల్లో నూటికి నలభై మందికి జబ్బు తిరగబెట్టిందట. ఇక ఆ ఊసెత్తలేదు.

ఇది కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది కాబట్టి తోడబుట్టినవాళ్ళకూ పిల్లలకూ ఎకో తీయించమన్నారు. మా నాన్న నలభై ఎనిమిదో ఏట నిద్రలోనే పోయారు. అప్పట్లో గుండెపోటన్నారు. అది ఏదో ఇప్పుడు తేల్చలేం. తమ్ముడు మాత్రం "బస్తాలు మోస్తున్నా అన్నయ్యా, నాకేం రోగం?" అంటూ దాటేస్తూ వచ్చాడు. చివరికి మరదలే తీసుకెళ్ళింది. వాడికి ఆయాసం లేదు, దగ్గు లేదు, ఈఎఫ్ మాత్రం 42. మాత్రలు మొదలుపెట్టారు. మా అమ్మాయిది నార్మల్. అయినా కొన్నేళ్ళకోసారి చూపిస్తూ ఉండమన్నారు.