మా వెనక పెట్రోల్ బంక్ అట!

ఇంటి వెనక ఖాళీ స్థలంలో పెట్రోల్ బంక్ వస్తుందని తెలిసినప్పటి నుంచి మా వీధిలో అందరికీ ఒకటే టెన్షన్. నిన్న మీటింగ్ పెట్టారు, వెళ్లాను. "పేలిపోతే మా గతేంటి" అన్న మాట మీదే సగం టైమ్ అయిపోయింది. నాకైతే అంతకంటే రోజూ ఉండే గొడవే భయం. ట్యాంకర్ వచ్చి భూమిలోని ట్యాంకులోకి పెట్రోల్ దింపుతుంటే లోపలున్న ఆవిరంతా వెంట్ పైపులోంచి బయటికి తన్నుకొస్తుంది, దాన్ని మళ్లీ ట్యాంకర్‌లోకే పట్టే ఏర్పాటు లేకపోతే మనమే పీల్చాలి. అందులో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ తెచ్చే సరుకు. పైగా ఈ ఆవిరి గాలి కంటే బరువు, పల్లంలోకీ డ్రైనేజీలోకీ పాకుతుంది. మాదేమో పల్లం వైపు ఇల్లు!

వెంట్ పైపు ఎక్కడ పెడతారండీ అని అడిగితే, బంక్ తరఫున మీటింగ్‌కి వచ్చినాయన ప్లాన్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "అది తర్వాత చూద్దాం" అన్నాడు. ట్యాంకుకి రెండు గోడలుంటాయా, లీకైతే తెలిసే సెన్సర్ ఉందా అంటే దానికీ అదే జవాబు. అసలు బంకే వద్దని నేననను, బండి నాకూ ఉంది. కానీ ఆ పైపుకీ మా పిల్లల గది కిటికీకీ ఎన్ని మీటర్లో రాసిచ్చేదాకా బంక్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టేది లేదు.