ఒకే ఫైలు, అయిదుగురు విద్యార్థులు

శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెబుతూ, ఏటా రెండు మూడు బృందాల చేత సెమినార్ పత్రాలు తయారు చేయిస్తుంటాను. నిరుడు ఒక బృందం పొందూరు ఖద్దరు మీద పని చేస్తామని ముందుకు వచ్చింది. అయిదుగురిలో ఇద్దరు పట్నంలోనే ఉంటారు, ఒకరు ఆమదాలవలస నుంచి, మరొకరు నరసన్నపేట నుంచి రోజూ వచ్చి వెళతారు, అయిదో అమ్మాయిది పొందూరే. తరగతులు ముగియగానే ఎవరి బస్సు కోసం, ఎవరి రైలు కోసం వారు పరుగెత్తవలసిందే కనుక, అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు వారానికి గంటకు మించి దొరికేది కాదు.

మొదటి మూడు వారాలు ఫైలు వాట్సాప్‌లోనే తిరిగింది. ‘ఫైనల్’ అని ఒకటి, ‘ఫైనల్ 2’ అని ఒకటి, ‘అసలు ఫైనల్’ అని మరొకటి వచ్చేసరికి, ఒకరు సరిదిద్దిన నూలు ధర మరొకరి ప్రతిలో పాతదిగానే మిగిలిపోయింది. రాట్నం ఫొటోలు మామూలు ఫొటోలుగా పంపుకోవడంతో వాటి నాణ్యత తగ్గి, తెర మీద పెద్దవి చేసినప్పుడు నూలుపోగు కాదు కదా, దాన్ని తీసే చెయ్యి కూడా సరిగా కనిపించలేదు. వాట్సాప్‌లో ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే ఈ నష్టం ఉండదన్న సంగతి వారికి అప్పటికి తెలియదు.

అప్పుడు గూగుల్ డాక్స్‌లో ఒకే పత్రం తెరిపించి, అయిదుగురికీ ఎడిటర్ హక్కు ఇప్పించి, నాకు మాత్రం కామెంటర్ హక్కు చాలునన్నాను. మాస్టారే స్వయంగా వాక్యం దిద్దడం మొదలుపెడితే పిల్లల చేతులు ఆగిపోతాయి. పక్కన ప్రశ్న రాసి వదిలితే, దానికి జవాబు వెతుక్కునే బాధ్యత వారి మీదే ఉంటుంది. కామెంట్‌లో ఒకరి పేరు పెట్టి పని అప్పగించే వీలు కూడా అందులో ఉన్నందున, ‘ఎవరో ఒకరు చేస్తారులే’ అన్న ధోరణి కొంత తగ్గింది.

స్లైడ్ల విషయంలో మాత్రం నాకు చిరాకు తప్పలేదు. స్లైడ్లు తయారుచేసే కాన్వాలో సిద్ధంగా దొరికే నమూనాలు చూసి, రెండు సాయంత్రాలు రంగులు ఎంచుకోవడంలోనే గడిపి, చివరికి పెళ్ళి శుభలేఖ లాంటి మొదటి స్లైడు తెచ్చారు. విషయం మొత్తం డాక్స్‌లో తేలేదాకా స్లైడు తెరవవద్దని అప్పటి నుంచి నియమం పెట్టాను. మాటామంతీకి జూమ్ వాడారు. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే సమావేశం ముగిసిపోతుందని వారు బాధపడ్డారు గాని, ఆ హద్దు వల్లనే మాట పక్కదారి పట్టలేదని నా అభిప్రాయం. అంతకు ముందు ఏళ్ళలో ఆలోచనలు రాసుకోవడానికి జామ్‌బోర్డ్ వాడించేవాణ్ణి. దానిని గూగుల్ 2024 డిసెంబరు 31తో మూసివేసింది కాబట్టి, ఉచితంగా దొరికిన ఏ పరికరంలో చేసిన పనికైనా ఒక పీడీఎఫ్ ప్రతి దాచుకోవడం అలవాటు చేస్తున్నాను.

తెలుగులో రాయడం వేరే కథ. పాత డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లతో కొట్టించిన పేజీని తెచ్చి డాక్స్‌లో అతికిస్తే, అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతి కాకపోవడం వల్ల తెలుగు బదులు అర్థంలేని గుర్తులు వరుసకట్టాయి. మార్పిడి చేసి, తప్పులు దిద్దేసరికి ఒక పూట పట్టింది. కొందరు ఫోన్‌లో నోటితో చెప్పి రాయించారు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రపరచి, తరువాత ఆ దూదిని ఏకులుగా చుట్టి నూలు వడుకుతారు. ఆ ‘ఏకులు’ అన్న మాట ఫోన్‌కు కొత్తదేమో, పత్రంలో ‘మేకులు’ అని పడింది. ఏకు మేకు కావడమంటే ఏమిటో ఆ రోజు పిల్లలకు వివరించే అవసరమే లేకపోయింది.

అసలు చెప్పవలసింది నా పొరపాటు గురించి. డాక్స్‌లో ఎడిటర్ హక్కు ఉన్నవారు వెర్షన్ హిస్టరీ తెరిస్తే, ఏ రోజు, ఏ వేళ, ఎవరు ఏ వాక్యం చేర్చారో, ఏది తీసివేశారో ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగులో కనిపిస్తుంది. బృందంలో ఎవరు పని చేశారో, ఎవరు పేరు మాత్రం పెట్టుకున్నారో తేల్చడానికి ఇంతకంటే న్యాయమైన సాక్ష్యం ఉండదనుకుని, దానిని ఒక విద్యార్థి ఖాతాలో తెరిపించి, అది చూసే మార్కులు వేశాను. పొందూరు అమ్మాయి రంగులో ఉన్నవి నాలుగు పంక్తులే. ఆమెకు అందరికంటే తక్కువ వచ్చాయి.

మార్కులు చూసి ఆమె ఏమీ అనలేదు. నరసన్నపేట కుర్రాడే నా గదికి వచ్చి, “మాస్టారూ, ఆ వడికే పద్ధతంతా వాళ్ళ మామ్మ చెప్పిందేనండి. తను ఫోన్‌లో రికార్డు చేసి పంపితే, మేం విని టైపు చేశాం, అంతే” అన్నాడు. ఆ రికార్డులు వినిపించమన్నాను. ముసలమ్మ గొంతు, వెనక రాట్నం చప్పుడు, మధ్యలో “మళ్ళీ చెప్పు మామ్మా” అన్న ఈ అమ్మాయి మాట. పత్రంలో మూడు పేజీలు వాటిలోంచి వచ్చినవే. వెర్షన్ హిస్టరీకి తెలిసింది ఎవరు టైపు చేశారన్నదే; ఎవరు వెళ్ళి అడిగారో, ఎవరు విన్నారో అందులో ఎక్కడా నమోదు కాదు. మార్కులు దిద్ది, ఆ సంగతి తరగతిలో అందరి ముందూ ఒప్పుకున్నాను.

ప్రదర్శన రోజున హాలులో నెట్ రాలేదు. పెన్‌డ్రైవ్‌లో పవర్‌పాయింట్ ప్రతి ఉన్నా, మేము ఎంచుకున్న మండలి ఫాంటు ఆ కంప్యూటర్‌లో లేకపోవడం చేత అక్షరాలు వేరే ఫాంటులోకి మారి, పంక్తులు పెట్టె దాటిపోయాయి. ఫాంటును తనలోనే ఇముడ్చుకునే పీడీఎఫ్ ప్రతి ఉండబట్టి గట్టెక్కాం.

ఈ ఏడాది నుంచి ప్రతి బృందం పత్రంలోనూ మొదటి పేజీలో ఒక పట్టిక పెట్టిస్తున్నాను: తేదీ, ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ఎవరితో మాట్లాడారు, రికార్డు గాని ఫొటో గాని గూగుల్ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉంది. బుడితి ఇత్తడి పని మీద రాస్తున్న బృందం పట్టికలో ఒక వరుసలో, ‘వెళ్ళాను, ఆ రోజు కొలిమి వెలిగించలేదు, తిరిగి వచ్చేశాను’ అని ఒక కుర్రాడు రాశాడు. దానిని తీసివేయమని తోటివారు పక్కన కామెంట్ పెట్టారు. ఉంచమని నేను దాని కింద రాశాను.